ఐరిష్ ఇంటిపేరు మూలం పట్టుకోవడం ఎలా: ముందు ఊరు, ఆ తర్వాతే పేరు

మర్ఫీ, కెల్లీ, సలివన్ లాంటి ఐరిష్ ఇంటిపేరు ఏదైనా ఇంటర్నెట్‌లో కొట్టి చూడండి. క్షణంలో ఒక అర్థం, ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు, పక్కనే రంగుల డాలు బొమ్మ వచ్చేస్తాయి. చాలామంది అక్కడితో వెతకడం ఆపేస్తారు. అలా దొరికింది ఆ పేరున్న లక్షలమందికి కలిపి చెప్పిన మాట, మీ కుటుంబం సంగతి అందులో ఉండదు. మర్ఫీలలోనే వెక్స్‌ఫర్డ్‌లో ఒక వంశం, స్లైగో వైపు ఇంకొకటి, టైరోన్‌లో మరొకటి ఉన్నాయి. వీళ్లకు ఒకరితో ఒకరికి చుట్టరికం ఉండాలని లేదు. మీది వాటిలో ఏది అన్నది పేరును బట్టి తెలియదు. మీవాళ్లు ఏ ఊళ్లో ఉండేవారో తెలిస్తేనే తెలుస్తుంది. అందుకే ఈ పద్ధతిలో పేరు అర్థం వెతకడం చివరికి వస్తుంది.

ఈ అవసరం మన తెలుగువాళ్లకూ వస్తుంది. అమెరికాలో ఐరిష్ కుటుంబాలతో వియ్యమందిన వాళ్లున్నారు, పిల్లల వంశవృక్షం రెండు వైపులా రాసి పెట్టాలనుకునే వాళ్లున్నారు. సికింద్రాబాద్, విశాఖ లాంటి చోట్ల ఐరిష్ ఇంటిపేర్లున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల సంగతి చివర్లో విడిగా చెబుతాను.

ముందు ఆ పేర్లు ఎలా పుట్టాయో కొంచెం

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే. ఐర్లండ్‌లో అలా కాదు. అక్కడ గేలిక్ (ఐర్లండ్ సొంత భాష, దాన్నే ఐరిష్ అనీ అంటారు) ఇంటిపేరు దాదాపు ఎప్పుడూ ఒక మనిషి పేరు మీద నిలుస్తుంది. ముందు 'ఓ' ఉంటే ఫలానా ఆయన మనవడు లేదా వంశస్థుడు, 'మాక్' ఉంటే ఫలానా ఆయన కొడుకు. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన బ్రియన్ బోరు రాజు వంశస్థులే మన్‌స్టర్ ప్రాంతపు ఓబ్రయన్‌లు. తరం మారినా మారని ఇంటిపేర్లు ఐర్లండ్‌లో చాలా ముందే వచ్చాయి. ఓ క్లేరీ అనే పేరు 916వ సంవత్సరం కిందనే అక్కడి చరిత్ర పత్రాల్లో కనిపిస్తుంది.

తర్వాత వచ్చినవాళ్లు వాళ్ల పేర్లు తెచ్చారు. 1169 నుంచి నార్మన్లు వచ్చారు. ఫిట్జ్‌జెరాల్డ్, బర్క్, జాయిస్ వాళ్ల వైపు పేర్లు. వాల్ష్ అంటే వేల్స్ నుంచి వచ్చినవాడని. 1609 తర్వాత ఉత్తరాన అల్స్టర్‌ ప్రాంతంలో జరిగిన వలసల్లో స్కాట్లండ్, ఇంగ్లండ్ కుటుంబాలు స్థిరపడ్డాయి. 1709లో జర్మన్ పాలటైన్ కుటుంబాలు లిమరిక్ చుట్టుపక్కల దిగాయి. స్విట్జర్, టెస్కీ లాంటి పేర్లు వాళ్లవి.

మరోవైపు గేలిక్ పేర్లను ఇంగ్లిష్‌లోకి మార్చే ఒత్తిడి ఉండేది. డబ్లిన్, మీత్, లౌత్, కిల్డేర్ కౌంటీల్లో ఉండే ఐరిష్ వాళ్లు ఏదో ఒక పట్టణం పేరో, రంగు పేరో, వృత్తి పేరో, హోదా పేరో ఇంగ్లిష్ ఇంటిపేరుగా పెట్టుకోవాలని 1465లో చట్టమే చేశారు. పదిహేడో శతాబ్దంలో 'ఓ', 'మాక్' వదిలేయడం బాగా పెరిగింది. 1893లో ఐరిష్ భాషను నిలబెట్టడానికి గేలిక్ లీగ్ అనే సంఘం మొదలైన కాలంలో చాలామంది ఆ 'ఓ'ను మళ్లీ తగిలించుకున్నారు. కాబట్టి ఒకే ఇంట్లో తాత సలివన్, మనవడు ఓసలివన్ అయితే ఆశ్చర్యపోకండి. ఆ 'ఓ' ఉందా లేదా అన్నదాన్ని బట్టి వేరే కుటుంబం అని తేల్చేయకూడదు.

మొదటి పని: వెతుకులాట ఐర్లండ్‌లో కాదు, మీ ఇంట్లో మొదలుపెట్టండి

మీకు కావలసింది ఒక టౌన్‌ల్యాండ్ పేరు. అది ఐర్లండ్‌లో అతి చిన్న భూవిభాగం, కొన్ని ఇళ్లు, కొన్ని పొలాలు అంతే. ఇలాంటివి దేశంలో అరవై వేలకు పైగా ఉన్నాయి. కౌంటీ పేరు దొరికినా మంచిదే, కానీ మర్ఫీ లాంటి పేరుకు కౌంటీ సరిపోదు.

ఈ పేరు దొరికేది ఎక్కువగా వలస వెళ్లిన దేశంలోనే. అమెరికా జనాభా లెక్కల్లో పుట్టిన చోటు దగ్గర ఉత్తి 'ఐర్లండ్' అని ఉంటుంది. కాబట్టి వేరేచోట్ల చూడాలి. పాత సమాధి రాళ్ల మీద కౌంటీ, ఒక్కోసారి పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) కూడా చెక్కి ఉంటుంది. క్యాథలిక్ చర్చి పెళ్లి రిజిస్టర్లలో వధూవరుల సొంత ఊరు రాసిన పాదిరీలున్నారు. న్యూయార్క్‌లో 1850లో పెట్టిన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు ఖాతా పుస్తకాల్లో పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, తోబుట్టువుల వివరాలు రాసుకునేవారు. బోస్టన్ పైలట్ అనే పత్రికలో 1831 నుంచి దాదాపు తొంభై ఏళ్ల పాటు తప్పిపోయిన బంధువుల కోసం ప్రకటనలు వచ్చాయి. అన్న చెల్లెల్ని, భార్య భర్తని వెతుకుతూ సొంత పారిష్ పేరుతో సహా వేయించినవి.

మీ పూర్వీకుడి కాగితాలే కాదు, ఆయన తోబుట్టువులవి, పెళ్లికి సాక్షులుగా ఉన్నవాళ్లవి, పక్కింటివాళ్లవి కూడా చూడండి. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు వెళ్లిన చోట కూడా పక్కపక్కనే ఉండేవారు. ఒకరి కాగితంలో లేని ఊరు ఇంకొకరి కాగితంలో ఉంటుంది.

న్యూయార్క్ దగ్గర వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన కేంద్రం ఎల్లిస్ ఐలండ్. 'ఎల్లిస్ ఐలండ్‌లో గుమస్తా మా ఇంటిపేరు మార్చేశాడు' అనే కథ చాలా కుటుంబాల్లో వినిపిస్తుంది. దాన్ని నమ్మి దారి తప్పకండి. అక్కడి అధికారులు ఓడ ఎక్కిన రేవులో తయారైన ప్రయాణికుల జాబితా ముందు పెట్టుకుని సరిచూసేవారు. పేర్లు మారింది ఎక్కువగా ఆ తర్వాత, కుటుంబాలు తమంతట తాము మార్చుకున్నప్పుడు.

ఊరు దొరికితే పని ఎంత తేలికవుతుందో బరాక్ ఒబామా విషయంలో చూడొచ్చు. ఆయన తల్లి వైపు పూర్వీకుడు ఫాల్మత్ కియర్నీ 1850లో ఆఫలీ కౌంటీలోని మనీగాల్ నుంచి అమెరికా వెళ్లాడు. కియర్నీ అన్న ఇంటిపేరుకు కనీసం రెండు వేర్వేరు మూలాలున్నాయి, పేరు ఒక్కటే పట్టుకుని వెళ్తే తేలేది కాదు. అక్కడి చర్చి రిజిస్టర్లు భద్రంగా ఉండటంతో చెప్పులు కుట్టే వృత్తిలో ఉన్న ఆ కుటుంబం బయటపడింది. 2011 మేలో ఒబామా ఆ ఊరు వెళ్లొచ్చారు.

రెండో పని: పేరుకు ఉన్న వేషాలన్నీ ఒక కాగితం మీద రాయండి

రికార్డు రాసింది ఇంగ్లిష్ గుమస్తా, చెప్పింది ఐరిష్ మాట్లాడే రైతు. గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. అందుకే స్పెల్లింగు గురించి పట్టుదల వద్దు. 'ఓ' ఉన్నది, లేనిది, 'మాక్' ఉన్నది, లేనిది, 'మెక్' అని రాసింది, అచ్చులు మారినవి, అన్నీ రాసుకోండి.

దీనికన్నా కష్టమైంది అనువాదం. చాలా గేలిక్ పేర్లను ధ్వనిని బట్టి కాక అర్థాన్ని బట్టి ఇంగ్లిష్‌లోకి మార్చారు, కొన్నిసార్లు తప్పుగా కూడా. కన్నెమారాలో మాక్ కొన్రీలు కొందరు 'కింగ్' అయ్యారు, పేరు చివర 'రీ' అన్న శబ్దం రాజు అనే మాటలా వినిపించడం వల్ల. ఓ క్లేరీలు కొన్నిచోట్ల 'క్లార్క్' అయ్యారు. టైరోన్‌లో కాంప్‌బెల్ అన్న పేరు చూడగానే స్కాట్లండ్ వాళ్లనుకుంటాం, కానీ వాళ్లలో కొందరు అసలు మాక్ కాహ్‌వీల్ అనే స్థానిక గేలిక్ వంశం. ఇంగ్లిష్ పేరులా కనబడినంత మాత్రాన ఇంగ్లిష్ కుటుంబం అనుకోకూడదు, తిరగేసి అనుకోవడమూ తప్పే.

ఈ పేర్ల జంటల కోసం రాబర్ట్ మాథిసన్ అనే రిజిస్ట్రేషన్ అధికారి పందొమ్మిదో శతాబ్దం చివర్లో తయారు చేసిన నివేదికలు ఇప్పటికీ పనికొస్తాయి. 1890లో నమోదైన జననాలను బట్టి ఏ పేరు ఏ కౌంటీలో ఎక్కువో లెక్కగట్టాడు. అందులో మర్ఫీ మొదటిది, కెల్లీ రెండోది, స్మిత్ అయిదోది. ఐర్లండ్‌లో స్మిత్‌కు అంత పై స్థానం రావడానికి అనువాదం ఒక ముఖ్య కారణం.

మూడో పని: రికార్డుల్లో వెనక్కి నడవండి

ఇక్కడ 1922 సంగతి చెప్పక తప్పదు. ఆ ఏడాది జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. 1821 నుంచి 1851 వరకు నాలుగు జనాభా లెక్కల పుస్తకాలు, కొన్ని ముక్కలు తప్ప, అందులోనే పోయాయి. ప్రొటెస్టంట్లలో చర్చ్ ఆఫ్ ఐర్లండ్ వాళ్ల రిజిస్టర్లు సగానికి పైగా కాలిపోయాయి. 1861 నుంచి 1891 వరకు లెక్కల్ని ప్రభుత్వమే నాశనం చేసింది. ఇది చదివి నిరుత్సాహపడి వదిలేసేవాళ్లున్నారు, వదలొద్దు. మిగిలింది తక్కువేమీ కాదు, అందులో చాలా భాగం ఉచితం.

1901, 1911 జనాభా లెక్కలు పూర్తిగా ఉన్నాయి. ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైటులో అసలు ఫారాలే చూడొచ్చు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీ పూర్వీకుడు అంతకు ముందే వెళ్లిపోయినా ఆయన అన్నదమ్ములో, వాళ్ల పిల్లలో అదే టౌన్‌ల్యాండ్‌లో ఉండే అవకాశం ఎక్కువ.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. అమెరికాలో ఒక స్మిత్ కుటుంబం, తాతలు కావన్ కౌంటీ నుంచి వచ్చారని మాత్రం తెలుసు అనుకోండి. 1901 ఫారంలో ఇంటి యజమాని పేరు, మిగతావాళ్లు ఆయనకు ఏమవుతారు, మతం, చదువు, వయసు, వృత్తి, పెళ్లయిందా, ఎక్కడ పుట్టారు, ఐరిష్ భాష వచ్చా అన్న గడులుంటాయి. 1911 దానిలో పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని కూడా ఉంటుంది. మన స్మిత్ ఇంట్లో అందరూ రోమన్ క్యాథలిక్, ముసలి తల్లికి ఐరిష్ వచ్చు అని ఉందనుకోండి. ఈ స్మిత్ అసలు పేరు మాక్ గవన్ అయ్యే అవకాశం బాగా పెరిగినట్టే. కావన్‌లోని మాక్ గవన్ వంశం వాళ్లు ఎక్కువమంది స్మిత్‌గా మారారు, గవన్ అంటే కమ్మరి కాబట్టి. అదే ఇంట్లో అందరూ ప్రెస్బిటేరియన్లయితే (స్కాట్లండ్‌లో బలంగా ఉన్న ప్రొటెస్టంట్ శాఖ) స్కాట్లండ్ వలస గురించి ముందు ఆలోచించాలి. మతం ఒక సూచన మాత్రమే, పెళ్లిళ్ల వల్ల మారినవాళ్లున్నారు, దాన్నే రుజువుగా తీసుకోవద్దు.

ఇంకో జాగ్రత్త వయసు గురించి. 1901లో యాభై ఎనిమిది ఉన్న మనిషి 1911లో డెబ్భై మూడు అని రాయించుకోవడం మామూలు. 1909 జనవరి నుంచి డెబ్భై దాటినవాళ్లకు పింఛను మొదలైంది. పుట్టిన రిజిస్టర్లు లేని రోజులు కాబట్టి వయసు రుజువు కోసం 1841, 1851 లెక్కల్లో వెతికించిన దరఖాస్తులు మిగిలాయి. కాలిపోయిన ఆ పుస్తకాల్లోని వివరాలు కొన్ని ఆ కాగితాల వల్లే మనకు దక్కాయి.

జనాభా లెక్కల్లో పేరుతో వెతికి దొరక్కపోతే పేరు గడి ఖాళీగా వదిలి టౌన్‌ల్యాండ్ పేరుతో వెళ్లండి. ఆ ఊళ్లో ఉన్న కొద్ది ఇళ్లూ వరుసగా చదివితే గుమస్తా మార్చేసిన పేరు కూడా కంటబడుతుంది. టౌన్‌ల్యాండ్ పేరే సందేహంగా ఉంటే లోగనిమ్ (logainm.ie) అనే స్థలనామాల సైటులో ఐరిష్, ఇంగ్లిష్ రూపాలు రెండూ, అది ఏ పారిష్, ఏ బారనీ (కౌంటీలోని పాత విభాగం) కిందికి వస్తుందో ఉంటాయి.

తర్వాత జనన మరణ వివాహ రిజిస్టర్లు. 1864 జనవరి 1 నుంచి అందరివీ నమోదయ్యాయి. క్యాథలిక్కులవి కాని పెళ్లిళ్లు 1845 నుంచే ఉన్నాయి. ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈ అనే ప్రభుత్వ సైటులో నూరేళ్లు దాటిన జననాలు, డెబ్భై అయిదేళ్లు దాటిన పెళ్లిళ్లు, యాభై ఏళ్లు దాటిన మరణాలు ఉచితంగా, అసలు పేజీ బొమ్మతో సహా దొరుకుతాయి. జనన నమోదులో తల్లి పుట్టింటి పేరు, నివాసం ఉంటాయి. పెళ్లి నమోదులో ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లు ఉండవు, కాబట్టి పెళ్లి కాగితం కోసమే ఎక్కువ శ్రమ పడండి.

1864కు ముందు చర్చి రిజిస్టర్లే ఆధారం. క్యాథలిక్ రిజిస్టర్లు దాదాపు 1880 వరకు నేషనల్ లైబ్రరీ సైటులో 2015 నుంచి ఉచితంగా ఉన్నాయి. అవి సూచిక లేని పేజీ బొమ్మలు, ఓపికగా చదవాలి. తూర్పున, పట్టణాల్లో ముందే మొదలయ్యాయి, పడమటి పల్లెల్లో చాలాచోట్ల పందొమ్మిదో శతాబ్దం వచ్చాక గానీ లేవు. పేర్లు చాలాచోట్ల లాటిన్‌లో ఉంటాయి. జాకోబస్ అంటే జేమ్స్, గులీల్మస్ అంటే విలియం, బ్రిజిడా అంటే బ్రిడ్జెట్. బాప్తిస్మం దగ్గర సాక్షులుగా ఉన్న ఇద్దరి పేర్లూ రాసుకోండి, ఎక్కువసార్లు వాళ్లు మేనమామో, చిన్నాన్నో, అత్తో అవుతారు. మనలాగే వాళ్లూ తాత పేరు మనవడికి పెట్టేవారు. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం చాలా ఇళ్లలో వాడుక. వెనకటి తరం వాళ్ల పేరు తెలియనప్పుడు ఇది ఊహకు పనికొస్తుంది.

నాలుగో పని: భూమి లెక్కలు

జనాభా లెక్కలు పోయిన కాలానికి భూమి పన్ను పుస్తకాలే దిక్కు. 1823 నుంచి 1830ల చివరి వరకు చర్చి పన్ను కోసం రాసిన టైథ్ పుస్తకాలు ఒకటి. రెండోది, ముఖ్యమైనది, రిచర్డ్ గ్రిఫిత్ పర్యవేక్షణలో 1847 నుంచి 1864 మధ్య అచ్చయిన ఆస్తి విలువల జాబితా. టౌన్‌ల్యాండ్ వారీగా కాపురం ఉన్నవాడి పేరు, ఎవరి దగ్గర కౌలుకు తీసుకున్నాడు, ఇల్లా పొలమా, విస్తీర్ణం, విలువ అన్నీ ఉంటాయి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరుంటే పక్కన తండ్రి పేరో, జుట్టు రంగో రాసి విడదీశారు.

దీని తర్వాత వచ్చిన సవరణ పుస్తకాల గురించి చాలామందికి తెలియదు. కౌలుదారు మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి కొత్త పేరు వేరే రంగు సిరాతో రాసి, పక్కన సంవత్సరం వేసేవారు. మన అడంగల్, పహాణీలు చదివిన కళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గ్రిఫిత్ జాబితాలో ఉన్న పాట్రిక్ స్మిత్ పొలం 1870ల్లో భార్య పేరు మీదికి, తర్వాత కొడుకు పేరు మీదికి వచ్చిందని తెలిస్తే, 1901లో అదే పొలంలో ఉన్న స్మిత్ ఇంటితో ముడి పడినట్టే. ఉత్తర ఐర్లండ్ ఆరు కౌంటీల సవరణ పుస్తకాలు బెల్‌ఫాస్ట్‌లోని ప్రోనీ రికార్డు ఆఫీసు సైటులో ఉచితంగా చూడొచ్చు.

గ్రిఫిత్ జాబితాలో ఇంకో పని ఉంది. మీ ఇంటిపేరున్న కుటుంబాలు ఏ పారిష్‌లో ఎన్నున్నాయో పటం గీసుకోండి. ఒకేచోట గుంపుగా ఉంటే ఆ వంశం పాత నేల అదే అయ్యుండొచ్చు. ఊరు దొరకనివాళ్లకు ఎక్కడ మొదట వెతకాలో కూడా దీనితో తెలుస్తుంది.

అయిదో పని: ఇప్పుడు అర్థం

ఊరు తేలాక పేరు మూలం చూడటం చాలా తేలిక. ఐర్లండ్ ప్రధాన హెరాల్డ్‌గా (వంశచిహ్నాలు చూసే అధికారి) పనిచేసిన ఎడ్వర్డ్ మాక్‌లిసాట్ ఇంటిపేర్ల మీద చేసిన కృషి ఈ రంగంలో మొదట చూడాల్సింది. ఒక్కో పేరుకు ఎన్ని మూలాలు, ఏది ఏ కౌంటీది అని ఆయన విడదీసి చెప్పాడు. ఆ వరసలో మీ కౌంటీకి సరిపోయేదాన్ని తీసుకోండి. మిగతావి ఎంత గొప్పగా ఉన్నా పక్కన పెట్టండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ రికార్డుల గొలుసు బహుశా 1800 ప్రాంతంలో ఆగిపోతుంది. మధ్యయుగపు రాజవంశాల పట్టికలు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందువి. మామూలు రైతు కుటుంబాలకు ఈ రెంటి మధ్య పత్రాలు దాదాపు లేవు. 'మా పేరు ఓబ్రయన్, కాబట్టి బ్రియన్ బోరు మా పూర్వీకుడు' అని ఆ ఖాళీ మీద గీత గీసేయకండి. 'ఫలానా వంశానికి చెందిన ప్రాంతంలో మావాళ్లు 1820ల నుంచి కనిపిస్తున్నారు' అని రాయండి, అది నిలబడుతుంది.

డాలు బొమ్మల విషయమూ అంతే. వంశచిహ్నం ఒక వ్యక్తికి, ఆయన వారసులకు ఇచ్చేది. ఇంటిపేరున్న అందరికీ చెందే చిహ్నం అంటూ ఉండదు. డబ్బు పెట్టి ఫ్రేము కట్టించుకుంటే గోడకు అందంగా ఉంటుంది, మూలానికి రుజువు మాత్రం కాదు.

ఆ ఖాళీని కొంత దాటించగలిగేది వై డీఎన్‌ఏ పరీక్ష. అది తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది, ఇంటిపేరు వెళ్లిన దారే. కాబట్టి ఆ పేరున్న మగవాళ్లే పరీక్ష చేయించుకోవాలి. ఇంటిపేర్ల వారీగా నడిచే ప్రాజెక్టుల్లో ఫలితం పెడితే మీ మర్ఫీలు ఏ మర్ఫీలకు దగ్గరో తెలుస్తుంది. దత్తత, తల్లి పేరు పెట్టుకోవడం లాంటివి వంశంలో ఎక్కడైనా జరిగి ఉండొచ్చు. వేరే పేరు వాళ్లతో కలిస్తే దాన్ని అవమానంగా చూడకండి, అది కూడా కుటుంబ చరిత్రే.

ఇండియాలో స్థిరపడిన ఐరిష్ పేరు అయితే

1830లో బ్రిటిష్ సైన్యంలో నూటికి నలభైమందికి పైగా ఐరిష్ వాళ్లే. ఈస్టిండియా కంపెనీ యూరోపియన్ పటాలాల్లోనూ వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. మద్రాస్ ఫ్యూజిలియర్స్ అనే పటాలం 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్‌గా మారింది. మన వైపు ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో ఐరిష్ పేరు ఉంటే మొదటి మనిషి సైనికుడేమో అని ముందుగా చూడాలి.

చర్చి నుంచి బాప్తిస్మం, పెళ్లి, సమాధి నమోదులు తీసుకుంటూ వెనక్కి వెళ్లండి. మద్రాస్ ప్రెసిడెన్సీ చర్చిల నమోదుల నకళ్లు లండన్‌కు పంపేవారు, అవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. సైనికుడి పేరు, పటాలం తేలాక చేరిక కాగితం వెతకండి. అందులో పుట్టిన పారిష్, దగ్గరి పట్టణం, కౌంటీ రాసి ఉంటాయి, అమెరికా వెళ్లినవాళ్లకు దొరకనంత స్పష్టంగా.

స్త్రీల వైపు వెతికేటప్పుడు పెళ్లికి ముందు పేరు తప్పక పట్టుకోండి. మదనపల్లెలో 1919లో జనగణమన బాణీకి స్వరలిపి రాసిన మార్గరెట్ కజిన్స్‌నే చూడండి. కజిన్స్ భర్త పేరు. రాస్‌కామన్ కౌంటీ బాయిల్‌లో ఆమె పుట్టుక కోసం వెతకాల్సింది గిలెస్పీ అన్న పేరు కింద. ఆ పేరు మాక్ గిల్లా ఆస్పిగ్ నుంచి వచ్చింది, ఐర్లండ్‌లోనూ స్కాట్లండ్‌లోనూ ఉంది. కాబట్టి అక్కడ కూడా మళ్లీ మొదటి ప్రశ్నే వేసుకోవాలి: తండ్రి ఎక్కడివాడు, తాత ఎక్కడివాడు.